ఉద్దెర బీమా మేడమ్

చిక్కడపల్లి సందుల్లోకి వెళ్లినప్పుడల్లా నా కుడి చేయి నన్ను అడక్కుండానే ఒక పని చేస్తుంది. మొన్న కూడా చేసింది. వాన వెలిసిన మధ్యాహ్నం. పాతకాలపు రెండంతస్తుల ఇల్లు, కింద ఒక ప్రెస్సు. తడిసిన సున్నం వాసన, సిరా వాసన కలిసి సందంతా నిండి ఉన్నాయి. వాటి వెనక ఆఫ్‌సెట్ మిషన్ చప్పుడు. నడుస్తున్నదాన్ని ఆగి, అరచేయి గోడకు ఆనించాను. గోడ సన్నగా, ఒకే తీరుగా అదురుతోంది. దారిన పోతున్న పెద్దాయన ఒకరు నాకు కళ్లు తిరుగుతున్నాయనుకున్నట్టున్నారు, "మంచినీళ్లు కావాల్నా అమ్మా?" అని ఆగారు. నాకేమీ కాలేదు, ఈ గోడ ఎట్లా ఉందో చూస్తున్నాను అంటే ఆయన ఇంకా కంగారుపడతారు. అందుకని ఆయనిచ్చిన సీసాలో రెండు గుక్కలు తాగి దండం పెట్టాను.

ఈ అలవాటు నాది కాదు, రాజ్యలక్ష్మి గారిది. నారాయణగూడలో, ఒక ముంబయి కంపెనీ తరఫున చిన్న బీమా ఆఫీసు నడిపేవారు. మనిషి పోతే వచ్చే బీమా కాదు, బండి గుద్దుకుంటే వచ్చేదీ కాదు. సరుకు అరువు మీద ఇచ్చిన వ్యాపారికి, తీసుకున్నవాడు కట్టలేక చేతులెత్తేస్తే, పోయినదాంట్లో ఎక్కువ భాగం కంపెనీ భరించే బీమా. దానికి ఇంగ్లీషులో పెద్ద పేరుంది. మా దగ్గరికొచ్చే వ్యాపారులు మాత్రం ఉద్దెర బీమా అనేవారు. ఆమెను ఉద్దెర బీమా మేడమ్ అనేవారు. ఆమె ఎదుట అంటే ఊరుకునేది కాదనుకోండి. "నేనేమన్నా అప్పులిచ్చేదాన్నా?" అని మీదికి లేచేది.

ఒక ప్రెస్సువాడికి మనం బీమా అండతో కాగితం అరువిప్పించవచ్చా లేదా అని చూడ్డానికి వెళ్లినప్పుడు, ఆమె ముందు లోపలికి వెళ్లేది కాదు. బయట గోడకు చేయి ఆనించి నిలబడేది. పని ఉన్న మిషన్ ఆగకుండా నడుస్తుందని, మనమొస్తున్నామని తెలిసి నడిపించే మిషన్ కాసేపటికే ఆయాసపడుతుందని ఆమె లెక్క. లెక్కల పుస్తకాలు ఆ తర్వాత చూసేది. నిజమా అబద్ధమా అని నేను మొదట్లో నవ్వుకునేదాన్ని. తర్వాత్తర్వాత నా చేయి కూడా నేర్చుకుంది.

నేను సిద్దిపేట దగ్గరి పల్లె నుంచి 2009లో అశోక్‌నగర్ వచ్చాను. అందరిలాగే సర్కారు కొలువు కోసం. హాస్టల్ గదిలో నలుగురం, మంచాల కింద పుస్తకాలు, గోడల నిండా పటాలు. తెలంగాణ ఉద్యమం రోజులు. ఇవాళ బంద్, రేపు ర్యాలీ. నోటిఫికేషన్ ఇదిగో వస్తుంది అదిగో వస్తుంది అనడమే తప్ప వచ్చింది లేదు. ఇంటి నుంచి మా నాయన పంపే పైసలు హాస్టల్ కిరాయికి కూడా చాలని పరిస్థితి వచ్చాక, నాలుగు నెలలు ఎక్కడన్నా పని చేసుకుంటూ చదువుకుందామని నారాయణగూడ ఆఫీసు మెట్లెక్కాను. ఇంగ్లీషులో ఏమడుగుతారోనని రాత్రంతా బట్టీపట్టుకుని వెళ్లాను.

ఆమె టేబుల్ వెనకాల కూర్చుని ఉప్మా తింటున్నారు. యాభై దాటిన మనిషి, గంజి పెట్టిన నేత చీర, ముక్కు మీదికి జారిన కళ్లద్దాలు. వాళ్ల నాన్నగారు ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు బందరు నుంచి గుమాస్తా పనికి వచ్చి చిక్కడపల్లిలో స్థిరపడ్డారట. ఈమె పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే అయినా మాట మాత్రం బందరు మాటే. నన్ను ఇంగ్లీషులో ఒక్క ముక్క కూడా అడగలేదు. "మీ ఊళ్లో అరువిచ్చే కొట్టుందా?" అన్నారు. ఉందన్నాను. "ఎవరికి ఇవ్వడు ఆయన?" అన్నారు. పేదోళ్లకు అని చెప్పబోయి ఆగాను. నిజానికి మా మల్లయ్య తాత పేదోళ్లకే ఎక్కువ ఇచ్చేవాడు. ఆలోచించి చెప్పాను. "కొట్టు ముంగట కెళ్లి కాకుండ ఎన్కకెళ్లి సుట్టు తిరిగి పోయేటోళ్లకు ఇయ్యడు మేడమ్."

ఆమె చెంచా పక్కన పెట్టి నవ్వారు. ఉప్మా పొలమారేంత నవ్వు. రేపటి నుంచి రమ్మన్నారు. మిగతాదంతా తను నేర్పుతానని, ఇది మాత్రం నేర్పితే వచ్చేది కాదని అన్నారు.

ఆమె గురించి మంచి మాత్రమే రాస్తే ఆమే ఒప్పుకోదు కాబట్టి, కోపం సంగతి ముందే చెప్పేస్తాను. ఫైలు దొరక్కపోతే ఆఫీసు కప్పు ఎగిరిపోయేది. ఫైలు ఆమె చంకలోనే ఉండేది. ఆటోకు డబ్బు పెట్టాలంటే ప్రాణం మీదికొచ్చేది. హిమాయత్‌నగర్ అయినా సుల్తాన్ బజార్ అయినా గొడుగేసుకుని నడకే. నేను వెనకాల ఆయాసపడుతూ పరుగు. "పల్లెటూరి పిల్లవి, నడవలేవూ?" అని ఎత్తిపొడుపు. మా ఊళ్లో నడిస్తే దారెంట చెట్లుంటాయి, ఇట్లా బస్సు పొగ ఉండదు అని నేనంటే, "వాదనలో మాత్రం వకీలువి" అని మూతి తిప్పేది. మధ్యాహ్నం మాత్రం ఇద్దరి డబ్బాలూ ఒకే టేబుల్ మీద విప్పేవాళ్లం. ఆమె గోంగూర నాది, నా జొన్నరొట్టె ఆమెది. బంద్ రోజున కింద వీధిలో నినాదాలు వినిపిస్తుంటే కిటికీ రెక్క మూసి, కారంగా ఉందా అని అడిగేది తప్ప, ఆ సంగతి మీద ఆమె ఒక మాట అనలేదు, నేనూ అనలేదు. మా ఇద్దరి మనసులూ చెరో వైపున్నాయని ఇద్దరికీ తెలుసు.

ఆమె పనిచేసే పద్ధతిలో ఒకటి నాకు మొదట్లో అస్సలు నచ్చలేదు. ఎవరి గురించైనా చెడ్డమాట రాయాల్సివస్తే, రాసేముందు ఆ మనిషి ముఖం మీద చెప్పి రావాలి. సుల్తాన్ బజార్‌లో ఒక బనియన్ల దుకాణం చూసి రమ్మని ఒకసారి నన్ను ఒంటరిగా పంపారు. అరలు సగం ఖాళీ. వ్యాపారం దిగజారిందని, ఇతనికి అరువు తగ్గించాలని శుభ్రంగా రాసి తెచ్చాను. చదివి, "ఇది ఆయనకు చెప్పావా?" అన్నారు. చెప్తే కొడ్తడు మేడమ్ అన్నాను. "కొడితే కొట్టించుకుని వచ్చి రాయి" అని కాగితం నా చేతిలో పెట్టారు.

ఏడుపు ముఖంతో మళ్లీ వెళ్లాను. గుండె గట్టి చేసుకుని, మీ అరలు ఖాళీగా ఉన్నాయి కాబట్టి ఇట్లా రాస్తున్నానని చెప్పాను. ఆ దుకాణదారు కొట్టలేదు. నన్ను లేవదీసి వెనక గదిలోకి తీసుకెళ్లి కప్పు చూపించాడు. వానలకు కారి గోడ మొత్తం చెమ్మ. సరుకంతా పక్క సందులో తమ్ముడి దుకాణంలో పెట్టాడు. అక్కడికీ తీసుకెళ్లాడు. నిలువెత్తు బనియన్లు. నేను తిరిగొచ్చి రిపోర్టు చింపి మళ్లీ రాశాను. రాజ్యలక్ష్మి గారు కాఫీ తెప్పించారు, అదీ తన డబ్బులతో. మా ఆఫీసులో అది విశేషమే.

ఈ పట్టింపు ఆమెకు ఎందుకొచ్చిందో చాన్నాళ్లకు చెప్పారు. పెద్ద బీమా కంపెనీలో ఉద్యోగం చేసే రోజుల్లో, బషీర్‌బాగ్‌లో ఒకాయన స్టేషనరీ దుకాణం ఎప్పుడు వెళ్లినా మూసి ఉందని రిపోర్టు రాశారట. అది చూసి సరుకిచ్చేవాళ్లందరూ ఆపేశారు. ఆయన దుకాణం ఎత్తేశాడు. భార్యను ఆసుపత్రిలో పెట్టుకుని తిరుగుతున్నాడని, మనిషి నిక్షేపంలాంటివాడని ఆ తర్వాత తెలిసింది. "ఒక్కసారి ఆ పక్క వీధిలో వాళ్లింటికి వెళ్లి అడిగి ఉంటే సరిపోయేది స్వరూపా. నాకు ఎండగా ఉందనిపించింది" అన్నారు. ఆమె ఎండలో ఎందుకంత నడుస్తుందో నాకు ఆ రోజు అర్థమైంది. ఆటో పిసినారితనం సంగతి వేరే, అది మాత్రం పుట్టుకతో వచ్చిందే.

ఇక నర్సింగరావు గారి సంగతి. నారాయణగూడ వెనక వీధిలో ఆయన కాగితం గోదాము. తెల్ల ధోవతి, పెద్ద బొజ్జ, గట్టిగా మాట్లాడడం రాని మనిషి. ఎవరెళ్లినా ముందు ఉస్మానియా బిస్కెట్ల ప్లేటు ముందుకు తోసేవారు. అశోక్‌నగర్ పోరగాళ్లు చదివే గైడ్లు అచ్చేసే ప్రెస్సులకు ఆయనే కాగితం ఇచ్చేవారు, అదీ ఉద్దెర మీద. ఆయన బీమా తీసుకునేలా చేయడానికి మా మేడమ్ చెప్పులరిగేలా తిరిగారు. నా గిరాకీలు నన్నెందుకు ముంచుతరమ్మా అని ఆయన, ముంచాలని ఎవరూ ముంచరు, మునిగేటప్పుడు పక్కనున్నవాణ్ని పట్టుకుంటారంతే అని ఈమె. చివరికి తీసుకున్నారు.

ఆయన గిరాకీల్లో అందరికంటే పెద్దవాడు ప్రభాకర్. చిక్కడపల్లిలో ప్రెస్సు. మాలాగే కొలువు కోసం వచ్చి, వయసు దాటిపోయి, చదివిన చదువునే గైడ్లుగా అచ్చేసి అమ్మడం మొదలుపెట్టినవాడు. నర్సింగరావు గారి ఊరివాడే. ఆయన తమ్మీ అంటారు, ఇతను నర్సన్నా అంటాడు. దసరాకు ప్రభాకర్ మిషన్‌కు పూజ చేస్తే, నర్సింగరావు గారు పసుపు కుంకుమ పెట్టిన కాగితం కట్ట ఒకటి పంపేవారు. ఏటా ఉన్న ఆనవాయితీ. ఆ కట్ట మీదే కొత్త గైడు మొదటి కాపీలు అచ్చయ్యేవి.

ఒక యేడు దసరా ముందు, ఒక మధ్యాహ్నం, రొట్టె తుంచుతూ రాజ్యలక్ష్మి గారు అడిగారు, మీ హాస్టల్లో ప్రభాకర్ గైడ్లు ఎవరైనా కొన్నారా అని. ఎవరూ కొంటలేరన్నాను. నోటిఫికేషనే లేనప్పుడు కొత్త గైడు ఎవరికి కావాలి? ఉన్న పాత గైడు ఒక్కటే మా హాస్టల్లో గదులన్నీ తిరుగుతోంది, దాని అట్ట కూడా ఊడిపోయింది. ఆమె రొట్టె కింద పెట్టేశారు. చేయి కడుక్కుని గొడుగు తీశారు. అట్ల ఉన్నపళాన నర్సింగరావు గారి గోదాముకు నడిచాం.

బిస్కెట్ల ప్లేటు ముందుకొచ్చింది. "తర్వాత తింటాను. ప్రభాకర్ కట్టాల్సిన గడువు దాటిందా?" అన్నారామె. ఆయన ఫ్యాను వైపు చూశారు, వీధి వైపు చూశారు, చివరికి తలూపారు. దాటింది. చాలా పెద్ద మొత్తం. మా బీమా షరతు ఏమిటంటే, గడువు దాటితే ఆ సంగతి ఫలానా రోజుల్లోపు కంపెనీకి రాసి తెలపాలి. ఆ తర్వాత ఆ మనిషికి ఉద్దెర మీద పూచికపుల్ల కూడా ఇవ్వకూడదు. ఇచ్చినా, దాచినా, మొత్తం బీమా పోతుంది. ఇది నర్సింగరావు గారికి తెలుసు. తెలిసే నోరు మెదపలేదు.

"రాస్తే వాని పేరు ఖరాబైతదమ్మా. తక్కిన పేపరోళ్లు గూడ ఇచ్చుడు బంద్ చేస్తరు. నా చేతులతోని వాని ప్రెస్సుకు తాళమేసినట్టైతది" అన్నారాయన. రాయకపోతే మీ గోదాముకు తాళం పడుతుందని ఆమె అన్నారు. అది బెదిరింపు కాదు. గోదాము బ్యాంకు తాకట్టులో ఉంది. ప్రభాకర్ బాకీ రాక, బీమా కూడా రాకపోతే ఆ గోదాము వేలానికి పోవడం ఖాయం. ముప్పై ఏళ్లుగా ఆయన బతుకంతా ఆ రేకుల కప్పు కింద ఉంది. పండుగ వెళ్లేదాకా ఆగమని ఆయన బతిమాలారు. రాయడానికి ఇంకా కొన్ని రోజులు గడువుంది కాబట్టి ఆమె సరేనన్నారు. పసుపు కట్ట సంగతీ ఆయనే అడిగారు. పండుగ పూట అది పంపకపోతే వాడి మిషన్‌కు కీడు కోరినట్టేనని. అది ఉచితంగా ఇచ్చుకోండి, ఇచ్చారని నేను కంపెనీకి రాస్తాను, అంతకు మించి ఒక్క కాగితం పోవడానికి వీల్లేదని మేడమ్ చెప్పి వచ్చారు.

పండుగ వెళ్లిన మర్నాడు ఆయన ఫోను ఎత్తలేదు. గోదాముకు వెళ్తే బిస్కెట్లు కూడా రాలేదు. అప్పుడే మాకు అనుమానం వచ్చింది. తల వంచుకుని కూర్చున్న మనిషి మెల్లగా చెప్పారు. దసరా సాయంత్రం ప్రభాకర్ ఇంటికొచ్చాడట. మా దిక్కు దసరా నాడు బంగారమని ఇచ్చిపుచ్చుకునే జమ్మి ఆకు చేతిలో పెట్టి, బంగారం అన్నా అని కాళ్లకు మొక్కి, ఒక్క లోడు కాగితం ఇప్పించమని, కొత్త సిలబస్ గైడు వేసి బాకీ మొత్తం తీరుస్తానని అడిగాడట.

"జమ్మి చేతుల పెట్టి కాళ్లు మొక్కినంక ఎట్ల లేదంటనమ్మా? పొద్దుగాల్నే లోడు పంపిన."

అంటే బీమా పోయినట్టే. వేరే ఊరివాళ్లయితే ఈ మాటకు నవ్వుతారేమో, నేను నవ్వలేకపోయాను. మా ఇంట్లో మా నాయన కూడా జమ్మి పెట్టినవాడికి లేదనలేడు. నర్సింగరావు గారు ఇంకో మాట కూడా అన్నారు. బిల్లు మీద పాత తారీఖు వేసుకుందాం, గడువు దాటకముందే ఇచ్చినట్టు చూపిద్దాం అని. రాజ్యలక్ష్మి గారు కుర్చీలోంచి లేచారు. కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు. "అది కుదరదు. జరిగింది జరిగినట్టే రాస్తాను. రాసేముందు మీకు చెబుతున్నాను. ఇప్పుడు వెళ్లి ప్రభాకర్‌కీ చెబుతాను" అన్నారు. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగి, తాకట్టు సంగతి ప్రభాకర్‌తో అనవచ్చా అని అడిగారు. వద్దే వద్దన్నారు నర్సింగరావు గారు. అయినా మా వెనకాలే నడిచొచ్చారు. ప్రెస్సు మెట్ల కింద నిలబడిపోయి, పైకి రాలేక, "నీ ఇష్టమమ్మా" అన్నారు.

ఆమె అలవాటుగా గోడకు చేయి ఆనించారు. నేనూ ఆనించాను. గోడ చల్లగా, కదలకుండా ఉంది. లోపల మిషన్ మీద బంతిపూల దండ వాడిపోయి వేలాడుతోంది. మెట్ల పక్కనే నర్సింగరావు గారి లోడు, కట్టిన కట్టు విప్పకుండా పేర్చి ఉంది. దాని మీద విడిగా పసుపు కట్ట.

ప్రభాకర్ పైన గదిలో ఉన్నాడు. రాజ్యలక్ష్మి గారు కూర్చోకుండానే చెప్పారు. మీరు గడువుకు కట్టలేదని, ఆ తర్వాత కూడా సరుకు తీసుకున్నారని కంపెనీకి రాయబోతున్నాను, మీ వెనక రాయడం ఇష్టం లేక వచ్చాను అని. అతని ముఖం నల్లబడింది. రాసుకోండ్రి, మా అన్న ఇచ్చిండు నేను తీస్కున్న, నడ్మ మీరెవరని గట్టిగా అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వన్న చెప్పక్కా. మనోళ్ల నడ్మ ఈమెకేం పని?"

నిజం చెప్తున్నాను, ఆ మాట నాకు తగిలింది. ఆ ఉద్యమం రోజుల్లో మనోళ్లు అన్న మాటకు ఉన్న బరువు ఇప్పటివాళ్లకు తెలియదు. రాజ్యలక్ష్మి గారు గొడుగు టేబుల్‌కు ఆనించి, అప్పుడు కూర్చున్నారు.

"ప్రభాకర్ గారూ, ఆయన గోదాము బ్యాంకు తాకట్టులో ఉంది. మీ బాకీ, బీమా రెండూ రాకపోతే అది వేలానికి పోతుంది. ఆయన చచ్చినా మీకు చెప్పరు. అందుకని నేను చెబుతున్నాను."

ప్రభాకర్ గొంతు దిగింది. "అన్న నాకెన్నడు చెప్పలే" అన్నాడు. "మీ గైడ్లు అమ్ముడుపోవట్లేదని మీరు ఆయనకు చెప్పారా?" అన్నారామె. చెప్పలేదని అతని తల చెప్పింది. పండుగ పూట ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒకరి కాళ్లకు ఒకరు మొక్కి, ఆకు ఇచ్చి పుచ్చుకుని, చెప్పాల్సినది మాత్రం ఇద్దరూ మింగేశారు. మర్యాదలో మునిగిపోవడమంటే ఇదేనని నాకు అప్పుడనిపించింది. లోడు ఇంకా కట్టు విప్పలేదు కదా, ఇవాళే వెనక్కి పంపిస్తే, పోయిందనీ రాస్తాను, తిరిగి వచ్చిందనీ రాస్తాను అని ఆమె చెప్పారు. ఆ పైన కంపెనీ దయ అన్నారు.

ప్రభాకర్ లేచి మెట్లు దిగాడు. కింద నర్సింగరావు గారు గోడవైపు తిరిగి నిలబడి ఉన్నారు. ప్రభాకర్ ట్రాలీ ఆటోను పిలిచి, తనే భుజం మీద మోసి ఒక్కో కట్టా ఎక్కించాడు. ఆయన కూడా పంచె ఎగ్గట్టి ఒక చేయి వేశారు. చివరకు పసుపు కట్ట మిగిలింది. నర్సింగరావు గారు దాని మీద చేయి వేయబోతే ప్రభాకర్ దాన్ని గుండెకు హత్తుకున్నాడు.

"ఇది మాత్రం ఇయ్యనన్నా. ఇది నా మిషన్‌ది."

ఆ సాయంత్రమే ఉత్తరం రాసి, ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టి పైకి చదివి, మార్చాల్సింది ఏమన్నా ఉందా అని అడిగి మరీ పంపారు. కంపెనీవాళ్లు ఊరికే ఒప్పుకోలేదు. ప్రశ్నల మీద ప్రశ్నలు. లోడు ఎందుకు పంపారంటే జమ్మి ఆకు గురించి ముంబయిలో కూర్చున్నవాళ్లకు ఇంగ్లీషులో వివరించాల్సి వచ్చింది. ఆ ఉత్తరం రాసింది నేను. మూడుసార్లు దిద్దించారు. దాచి ఉంటే ఎవరో ఒకరు పట్టుకునేవారు, మనమే చెప్పాం కాబట్టి వాళ్లకు పట్టుకోవడానికేమీ మిగల్లేదని ఆమె అనేవారు. నెలలు గడిచాక, పోయినదాంట్లో ఎక్కువ భాగం వచ్చింది. ఆ రోజు నర్సింగరావు గారు మా ఆఫీసుకొచ్చి, బిస్కెట్ల డబ్బా మొత్తం టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయారు. గోదాము నిలబడింది. ప్రభాకర్ ప్రెస్సు నిలబడలేదు. మిషన్ అమ్మేసి అశోక్‌నగర్‌లో జిరాక్సు దుకాణం పెట్టుకున్నాడు. దేవుడి పటాల కింద పసుపు కట్ట విప్పకుండా అలాగే ఉండేది. దసరాకు ఇద్దరూ జమ్మి ఇచ్చిపుచ్చుకోవడం మాత్రం ఆపలేదు. నేను చూశాను.

ఎవరి నడుమ ఎవరికేం పని అన్న ప్రశ్నకు జవాబు నేనే వెతుక్కున్నాను. మావాళ్లిద్దరూ ఆ రోజు ఒకరికొకరు మిగిలేలా చేసింది ఆమె. ఆమె కాకపోతే ఒకరు గోదాము పోగొట్టుకునేవారు, ఇంకొకరు అన్నను పోగొట్టుకునేవారు.

నా పరీక్ష పుస్తకాలు ఎప్పుడు అటకెక్కాయో నాకే తెలియదు. నాలుగు నెలల కోసం వచ్చినదాన్ని నాలుగేళ్లు ఉండిపోయాను. 2014లో, రాష్ట్రం వచ్చిన కొన్నాళ్లకు, ఒక పెద్ద బీమా కంపెనీలో ఉద్యోగం ఖాళీ ఉందని ఆమెకే తెలిసింది. నా గురించి ఉత్తరం రాస్తానన్నారు. రాసేముందు నన్ను ఎదురుగా కూర్చోబెట్టారు. నాకు నవ్వొచ్చింది, చెమటలూ పట్టాయి.

ముందు మంచి చెప్పారు. మనిషిని చూడడం వచ్చునని, నడవడానికి వెనకాడనని. మీ పుణ్యమే అన్నాను. తర్వాత కళ్లద్దాలు తీశారు. "నీ యాస మాట్లాడేవాళ్లంటే నీకు నమ్మకం ఒక పిసరు ఎక్కువ. అది కూడా రాస్తున్నాను. కోపమొచ్చిందా?" వచ్చింది. ముఖం ఎర్రబడి ఉంటుంది కూడా. ఆమె ఆగకుండా అన్నారు, "నాకూ మా బందరువాళ్లంటే అదే జబ్బు. ఒకసారి దానివల్ల బాగా దెబ్బ తిన్నాను. తెలిసుంటే చాలు, సగం నయమైనట్టే."

ఆ ఉత్తరం అలాగే రాశారు. ఇంటర్వ్యూలో పెద్దాయన అది చదివి, ఇందులో మీ లోపం కూడా ఉందే అన్నారు. తెలుసు సార్, రాసేముందు చెప్పారు అన్నాను. ఉద్యోగం ఆ మాటకే వచ్చిందని ఆయన తర్వాత ఒకసారి అన్నారు. ఈ రోజు నేను తినే తిండి, మా చెల్లెలి చదువు, మా నాయన కంటి ఆపరేషన్, అన్నీ ఆ మాటలోంచి వచ్చినవే. ఆమె రుణం తీరేది కాదు. తీర్చాలని కూడా నాకు లేదు, ఉండనీ.

మొన్న చిక్కడపల్లిలో గోడ పట్టుకున్నది కూడా ఆ పని మీదే. ఆ ప్రెస్సుకు అరువు తగ్గించమని రాయాలి. ఫోనులో చెప్పేయొచ్చు, చెప్పకుండా కూడా రాసేయొచ్చు. లోపలికి వెళ్లి ప్రెస్సు యజమాని ఎదుట కూర్చుని చెప్పాను. ఆయన కోప్పడ్డాడు, తర్వాత టీ తెప్పించాడు, తర్వాత తన సంగతి తను చెప్పుకున్నాడు. అదీ రిపోర్టులో రాశాను. ఈ పద్ధతి మీకెవరు నేర్పిండ్రు మేడమ్ అని అడిగాడు. పేరు చెబితే ఎరగనన్నాడు. ఆమె పోయి కొన్నేళ్లయింది, ఎరిగినవాళ్లు తగ్గిపోతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు రాయాలనిపించింది.

రాయాలనుకోగానే చేయి ఆగిపోయింది. రాసేముందు చెప్పాలి కదా.

అక్కడి నుంచి నారాయణగూడకు నడిచే వెళ్లాను. మా ఆఫీసున్న చోట ఇప్పుడు కళ్లద్దాల దుకాణం. పక్కనున్న మెట్లు మాత్రం అవే. మెట్ల మలుపులో, ఎవరూ లేకుండా చూసి, అరచేయి గోడకు ఆనించాను. అక్కడ మిషన్ ఏదీ లేదు, గోడ ఊరికే ఉంది. మెల్లగా చెప్పాను. మీ కోపం గురించి రాస్తున్నాను మేడమ్, ఆటో పిసినారితనం గురించి రాస్తున్నాను, బషీర్‌బాగ్ దుకాణం సంగతి కూడా రాస్తున్నాను. మీరు లేకపోతే నేనేమైపోయేదాన్నో, అదీ రాస్తున్నాను. ఒప్పుకోకపోతే ఇప్పుడే చెప్పండి.

కాసేపు నిలబడ్డాను. తర్వాత ఇంటికొచ్చి రాయడానికి కూర్చున్నాను.